వల కర్రా, కాలేజీ సీటూ
(ఒక బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థిని)

మన సంచికలో సినిమాల మీదా, రాజకీయాల మీదా, మెస్సు సాంబారు మీదా రాసే మిత్రులు ఎలాగూ ఉంటారు. నేను మాత్రం మనలో నూటికి తొంభైమంది పేరైనా వినని ఒక ఆట గురించి రాయదలచుకున్నాను. ఆట పేరు లాక్రోస్. అమెరికాలో హైస్కూలు ఆడపిల్లలు ఈ ఆట బాగా ఆడి, దాని బలంతో పెద్ద పెద్ద కాలేజీలకు వెళుతున్నారు. ఈ సంగతి మనకెందుకు అని అడిగేవాళ్ళు ఓపిక పట్టి చివరిదాకా చదవాలని మనవి.

ముందు నాకెలా తెలిసిందో చెప్పాలి. మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, కాపురం మేరీలాండ్‌లో. ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. ఫోన్లో నాకు తన కర్ర చూపించి, "పిన్నీ, ఇది నా స్టిక్" అని మురిసిపోయింది. పక్కనే ఉన్న మా పెద్దమ్మ, "కర్రకి వల కట్టింది, చేపలు పడుతుందేమో అనుకున్నా" అంది. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. పొడుగాటి కర్ర, దాని చివర చిన్న వలబుట్ట, అందులో రబ్బరు బంతి. గోలు కాసే పిల్ల తప్ప ఇంకెవరూ బంతిని చేత్తో ముట్టకూడదు. పరిగెత్తుతున్నంతసేపూ బుట్టను ఉయ్యాలలా ఊపుతూ ఉండాలి, లేకపోతే బంతి జారిపోతుంది. ఊపితే ఎందుకు జారదో మన ఫస్టియర్ మెకానిక్స్‌లో అభికేంద్ర బలం పాఠం శ్రద్ధగా విన్నవాళ్ళకి తెలుస్తుంది. పక్షానికి పన్నెండుమంది. ఒంటిమీద పడి తొయ్యడం ఆడవాళ్ళ ఆటలో నిషిద్ధం. అంచేత బలం కన్నా పరుగూ, మణికట్టూ, చూపూ ముఖ్యం.

ఇది తెల్లవాళ్ళు పుట్టించిన ఆట కాదు. ఉత్తర అమెరికా ఆదివాసులది. ఇరోక్వాయ్ అని ఇతరులు పిలిచే హోడెనషోనీ జాతులు దీన్ని దైవమిచ్చిన ఆటగా, రోగాలు మాన్పే ఆటగా నేటికీ భావిస్తారు. వాళ్ళ సంప్రదాయంలో ఇది మగవాళ్ళ ఆట. 1884లో కెనడాలో ఈ ఆట చూసిన లూయిసా లమ్స్‌డెన్ అనే ఆవిడ స్కాట్లండులోని సెయింట్ లెనర్డ్స్ అనే బాలికల పాఠశాలకి దాన్ని తీసుకెళ్ళింది. 1890లో అక్కడ ఆడపిల్లలు తొలి పోటీ ఆడారు. అక్కడ చదువుకున్న రోజబెల్ సింక్లెయిర్ 1926లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో బ్రిన్‌మార్ బాలికల పాఠశాలలో దీన్ని ప్రవేశపెట్టింది. ఇలా సముద్రం రెండుసార్లు దాటి, పుట్టిన ఖండానికే ఆడపిల్లల ఆటగా తిరిగొచ్చింది. ఒకటి గమనించాలి. ఆ రెండు పాఠశాలలూ ఫీజులు కట్టగలవాళ్ళ పిల్లలవే. ఆ వాసన ఈ ఆటను ఇంకా వదల్లేదు.

అయితే కలవారి బడిలోని ఆట కాలేజీ సీటు దాకా ఎలా వెళ్ళింది? దానికి మూలం ఒక చట్టం. 1972లో అమెరికా పార్లమెంటు విద్యాచట్టానికి సవరణలు చేస్తూ, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ పురుష భేదం చూపరాదని ఒక్క వాక్యం రాసింది. ఇంగ్లీషులో 37 మాటలు. దాన్నే టైటిల్ నైన్ అంటారు. హవాయి నుంచి ఎన్నికైన ప్యాట్సీ మింక్, ఒరెగాన్ నుంచి ఎన్నికైన ఎడిత్ గ్రీన్ దాని కోసం పోరాడినవాళ్ళలో ముఖ్యులు. తమాషా ఏమిటంటే ఆ వాక్యంలో 'ఆట' అన్న మాటే లేదు. కానీ కాలేజీ జట్లు కూడా విద్యలో భాగమే కదా! మగపిల్లల ఫుట్‌బాల్‌కు వందమందిని పోషించే కాలేజీ ఆడపిల్లల లెక్క కూడా చూపించాల్సి వచ్చింది. ఎంతమంది ఆడుతున్నారు, స్కాలర్‌షిప్పులు ఎలా పంచారు అన్నది ఒక్కటే కాదు. సాధనకు ఏ వేళ ఇచ్చారు, మైదానం ఎలాంటిది, దుస్తులూ ప్రయాణాలూ ఎవరికెలా ఏర్పాటు చేశారు అన్నదాకా లెక్కే. ఆ లెక్క సరిచేసుకోడానికి కాలేజీలు ఎంచుకున్న ఆటల్లో లాక్రోస్ ఒకటి. ఒక్కో జట్టులో ముప్పైమందికి పైగా పడతారు మరి! 1982లో కాలేజీ ఆడపిల్లలకు జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ మొదటి ఛాంపియన్‌షిప్ పెట్టింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం గెలిచింది. చట్టానికి ముందు, 1971-72లో, అమెరికా హైస్కూళ్ళలో అన్ని ఆటలూ కలిపి ఆడే ఆడపిల్లలు సుమారు 3 లక్షలు. ఇప్పుడు 30 లక్షల పైమాటే. ఉపన్యాసాలతో ఇంత మార్పు రాదు. చట్టం ఉండాలి, చట్టం చూపించి కోర్టుకెక్కే తల్లిదండ్రులు ఉండాలి.

ఇక ఈ పిల్లలు కాలేజీకి వెళ్ళే పద్ధతి. వేసవి సెలవుల్లో టోర్నమెంట్లు జరుగుతాయి. ఒక్కో చోట డజన్ల కొద్దీ మైదానాలు. గట్ల మీద మడత కుర్చీలు వేసుకుని కాలేజీ కోచ్‌లు కూర్చుంటారు. చేతిలో కాగితం, కాగితంలో జెర్సీ నెంబర్లు. మా ఊళ్ళో ఎడ్ల సంతకు వచ్చినవాళ్ళు పళ్ళూ గిట్టలూ చూసినట్టు వీళ్ళు పరుగూ ఒడుపూ చూస్తారు. మాట మోటుగా ఉంటే క్షమించాలి, నాకు వేరే పోలిక దొరకలేదు. నచ్చిన పిల్లతో కోచ్ మాట్లాడాలంటే, ఆ పిల్ల పదకొండో తరగతికి వచ్చి సెప్టెంబరు 1 అవ్వాలి. ఆ అర్ధరాత్రి ఎంతమంది ఇళ్ళల్లో అమ్మానాన్నలూ పిల్లలూ ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటారో!

ఈ సెప్టెంబరు నిబంధన 2017లో వచ్చింది. అంతకు ముందు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూడా ఫలానా యూనివర్సిటీకి వెళతామని మాట ఇచ్చేసేవాళ్ళు. పదమూడేళ్ళ పిల్లకి తనేం చదవాలో ఏం తెలుస్తుంది? చివరికి కోచ్‌లే 'మాకీ పరుగుపందెం వద్దు' అని అడిగి ఆ నిబంధన పెట్టించుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ బోర్డులు గుర్తొచ్చాయి. జబ్బు ఒకటే, పేర్లు వేరు. వాళ్ళకి ఆపమని అడిగిన కోచ్‌లైనా దొరికారు.

డబ్బు సంగతికొద్దాం. మన వాళ్ళు అమెరికా స్కాలర్‌షిప్ అనగానే పూర్తి చదువు ఉచితం అనుకుంటారు. అది అపోహ. మొన్న మొన్నటిదాకా పై శ్రేణి కాలేజీ ఒక్కోటి ఆడపిల్లల లాక్రోస్‌కు ఇవ్వగలిగింది 12 స్కాలర్‌షిప్పులకు మించి లేదు. దాన్ని ముప్పైమందికి పంచాలి. పన్నెండెకరాల నీటిని ముప్పై ఎకరాలకు పెట్టినట్టు, ఒకరికి సగం, ఒకరికి పావు, కాలవ చివరివాళ్ళకి తడి కూడా ఉండదు. 2025లో ఒక పెద్ద కోర్టు రాజీ వల్ల ఆ పరిమితి పోయింది గాని, దాన్ని ఒప్పుకున్న కాలేజీల్లో జట్టుకు 38 మందే అన్న కొత్త పరిమితి వచ్చింది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ కాలేజీలు ఆటకు అసలు పైసా ఇవ్వవు. మరి ఆ కాలేజీల కోసం ఎందుకు ఎగబడతారంటారా? అక్కడ కోచ్ కోరిన పిల్లకి సీటు దొరకడం తేలిక. వేలమంది క్యూలో నిలబడి ఉంటే పక్క తలుపు తీసినట్టన్న మాట. ఆ పక్క తలుపు విలువెంతో 2019లో లోకానికి తెలిసింది. ఎన్నడూ ఆడని పిల్లల్ని ఆటగాళ్ళుగా రాయించడానికి సంపన్నులు కోచ్‌లకు లంచాలిచ్చిన కేసు బయటపడి కొందరు జైలుకి కూడా వెళ్ళారు.

ఆ తలుపు దాకా చేరడానికి అయ్యే ఖర్చు చూడండి. స్కూలు జట్టు ఒక్కటే చాలదు, క్లబ్బు జట్టులో ఆడాలి. క్లబ్బు ఫీజు, కర్ర, కళ్ళజోడు, టోర్నమెంట్లకి విమానాలు, హోటళ్ళు కలిపితే ఏటా వేల డాలర్లు. మా అక్క మొగమాటం లేకుండా, "ఆట కోసం కాదే, కాలేజీ కోసం" అంది. సగం స్కాలర్‌షిప్ వస్తే దానికి పెట్టిన పెట్టుబడే తిరిగొస్తుందో లేదో నాకు అనుమానమే. పత్తి వేసిన మా నాన్న లెక్కలు చూస్తూ పెరిగిన దాన్ని, ఇలాంటి లెక్కలు నాకు తొందరగా అర్థమవుతాయి.

2025లో దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణికిచ్చే టెవారటన్ అవార్డు నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం అమ్మాయి క్లోయీ హంఫ్రీకి వచ్చింది. కాలేజీలో ఆడిన మొదటి సీజన్లోనే ఆ అవార్డు అందుకున్నది అంతకు ముందెవరూ లేరు. ఆ ఏడు వాళ్ళ జట్టు 22 ఆటలాడి 22 గెలిచింది, అక్కచెల్లెళ్ళు ముగ్గురూ అదే జట్టు. వాళ్ళ ఊరు కనెక్టికట్‌లో డేరియన్, న్యూయార్కు దాపున సంపన్నులుండే ఊరు. ఆ అమ్మాయి ఆటని తక్కువ చెయ్యడానికి చెప్పడం లేదు. ఆ షాట్లు చూస్తే ఎవరూ తక్కువ చెయ్యలేరు. అలాంటి ఊళ్ళో పిల్లకి మైదానమూ, కోచ్, ఆడే అక్కలూ పుట్టుకతోనే అమరి ఉంటాయి. అమరనిచోట ఆ చేతివాటం ఎంతమందిలో ఉండిపోయిందో ఎవరికి తెలుసు?

ఇక్కడ నాకెంతో నచ్చిన కథ ఒకటి చెప్పాలి. షికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జట్టు 2002లో మళ్ళీ మొదలైంది. కోచ్ కెల్లీ అమోంటే హిల్లర్. పేరున్న హైస్కూలు పిల్లలెవరూ కొత్త జట్టుకి రారు కదా. ఆవిడ క్యాంపస్‌లోనే కళ్ళు తెరుచుకుని తిరిగింది. చురుగ్గా కనిపించిన కవల అమ్మాయిలిద్దర్ని, కోస్టర్ అక్కచెల్లెళ్ళని, పట్టుకుంది. వాళ్ళు అంతవరకు లాక్రోస్ కర్ర పట్టి ఎరగరు. 2005లో ఆ జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయింది, వరసగా అయిదేళ్ళు! (గెలిచిన పిల్లల్ని ప్రెసిడెంటు వైట్‌హౌస్‌కు పిలిస్తే కొందరు రబ్బరు చెప్పులతో వెళ్ళారని పత్రికలు గొడవ చేశాయి. మన హాస్టల్ వాళ్ళు వెళ్ళినా అదే జరిగేది.) పదేళ్ళ క్లబ్బు ఫీజులు ఒక పక్క, తెరిచి ఉన్న కోచ్ కళ్ళు ఇంకో పక్క. నేను రెండోదానివైపు.

అయితే అమెరికాది తప్పుడు పద్ధతా? నా అభిప్రాయం అలా కాదు. పక్క తలుపు డబ్బున్నవాళ్ళకే తెరుచుకోవడం అన్యాయం. కానీ ఒక్క విషయంలో వాళ్ళకి నమస్కారం పెట్టాలి. పదిహేడేళ్ళ ఆడపిల్ల బాగా ఆడుతుంటే 'ఇక చాలు, ఆపు' అని అక్కడ కాలేజీ అనదు, ఇంకా ఆడమంటుంది. ఆట చదువుకి అడ్డం కాదని చెప్పడానికి కాదు, చదువులో అదీ భాగమని చట్టమే ఒప్పుకుంది గనక.

మాది జిల్లా పరిషత్ హైస్కూలు. మా ఖోఖో జట్టులో తొమ్మిదిమందిమి మండలం దాటి జిల్లాకి వెళ్ళాం. మాలో ఒకమ్మాయి స్తంభం దగ్గర తిరిగే తీరు చూసి పక్క ఊళ్ళ పి.ఇ.టి. మాస్టార్లు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు. పదో తరగతి అయింది. నలుగురం ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేరాం. అది నాలుగంతస్తుల భవనం, గ్రౌండంటే పై డాబానే, దాని మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళం. ఆటల సంగతి అడిగితే, "ఎంట్రన్సులో ఖోఖో మార్కులు ఉంటాయా అమ్మా?" అని వార్డెన్ గారు నవ్వారు. ఆ తొమ్మిదిమందిలో ఇవాళ ఆడుతున్నది ఒక్కరూ లేరు. ముగ్గురికి పెళ్ళిళ్ళయ్యాయి. స్తంభం దగ్గర తిరిగిన ఆ అమ్మాయి వాళ్ళ అమ్మతో మిరపకోతలకి వెళుతోంది. మనకీ ఇంజనీరింగ్ సీట్లలో ఆటలవాళ్ళకని అర శాతం ఉంది, కాదనను. కానీ పదో తరగతి తర్వాత ఆడే చోటే లేకపోతే ఆ అర శాతం దాకా నడిచేదెవరు?

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ ఉంది, పక్షానికి ఆరుగురు చొప్పున. ఆటని పుట్టించిన హోడెనషోనీ వాళ్ళు తమ జెండా కింద ఆడతామంటే, గుర్తింపు ఉన్న దేశాల సంఘాలకే ప్రవేశం అని ఒలింపిక్ కమిటీ 2023లో చెప్పింది. ఆట ఎవరిదైనా, ఆడే చోటు మాత్రం ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే అన్నట్టుంది లోకరీతి.

మన యూనియన్ పెద్దలకి ఒక విన్నపం. టైటిల్ నైన్ కింద ఆ దేశంలో లెక్కలు చూసే పద్ధతిలో, మన కాలేజీ లెక్క ఒక్కసారి చూడండి. గేమ్స్ ఫీజు అబ్బాయిలూ అమ్మాయిలూ సమానంగా కడుతున్నాం. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా గ్రౌండు అబ్బాయిల క్రికెట్‌ది, లేడీస్ హాస్టల్ గేటు ఆరున్నరకి వేస్తారు. వాలీబాల్ నెట్ స్టోర్ రూములో ఉంది, తాళం అటెండరు దగ్గర ఉంది. వారానికి రెండు సాయంత్రాలు గ్రౌండు మాకివ్వండి, తాళం కూడా. సంతకాలు నలభై రెండు వచ్చాయి, కాగితం నా దగ్గరే ఉంది.