అమ్మను బోనెక్కించకండి

మూడేళ్లు నిండుతున్నా బిడ్డకు మాటలు రాకపోతే మన ఇళ్లలో మొదట బయటికి వచ్చేది వసకొమ్ము. అరగదీసి నాలుకకు రాస్తారు. ఆ తర్వాత మేనమామ పోలిక, వాడికీ ఆలస్యంగానే వచ్చాయంటారు. రెండూ అయ్యాక అందరి చూపూ తల్లి మీదికి తిరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిందో, ఉద్యోగం ఎందుకు మానలేదో, ఫోన్ చేతికిచ్చి వంట చేసుకుందేమో! పిల్లాడికి ఆటిజం అని డాక్టరు చెప్పిన రోజే ఆమె మీద విచారణ మొదలవుతుంది.

ఒకప్పుడు ఈ నింద వేసింది బాగా చదువుకున్న నిపుణులే. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను గమనించి ఆటిజం గురించి వివరంగా రాశాడు. పుట్టుకతోనే ఉంటుందని చెప్పింది ఆయనే, తల్లిదండ్రుల్లో ఆప్యాయత కొరవడిందని తర్వాత వేలెత్తి చూపిందీ ఆయనే. బ్రూనో బెటెల్‌హైమ్ అయితే 1967లో ఆ వాదంతో ఏకంగా ఒక పుస్తకమే అచ్చు వేశాడు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ అంతకు మూడేళ్ల ముందే దీన్ని ఖండించాడు. 1969లో తల్లిదండ్రుల సభలో కానర్ కూడా తప్పు మీది కాదని చెప్పక తప్పలేదు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటలను పరిశీలించారు. అచ్చుగుద్దినట్టుండే కవలలు 11 జంటలైతే, 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరువేరు పోలికల కవలలు 10 జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. ఏ జంటైనా ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతిలో పెరిగే పిల్లలే కదా! జన్యువుల పాత్ర ఉందని అప్పుడే తేలింది. ఆ తర్వాతి పరిశోధనలు దాన్ని ఇంకా బలపరిచాయి.

అయినా ఆ పాత నింద ఇప్పుడు, ఫోన్ చూపించడం వల్లే వచ్చిందంటూ, ‘వర్చువల్ ఆటిజం’ అని పేరు మార్చుకుని మళ్లీ ఇంటికొచ్చింది. పసివాళ్లకు ఫోన్ తగ్గించాలి, అందులో సందేహం లేదు. తెర ముందే గడిపే పిల్లలకు మాటలు వెనకబడవచ్చు. కానీ ఫోన్ ఆటిజాన్ని పుట్టించదు. ఫోన్ దాచేశాం కదా, ఇక అదే తగ్గిపోతుందని కూర్చుంటే పోయేది బిడ్డ కాలం.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకి కూడా చందమామనో కుక్కనో వేలు పెట్టి చూపించకపోవడం, కావలసినదాని దగ్గరికి మన చెయ్యి పట్టుకు లాక్కెళ్లడం, వచ్చిన మాటలు పోవడం. టీవీ ప్రకటనలు అప్పజెప్పే పిల్లాడు నీళ్లు కావాలని అడగలేకపోవచ్చు. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుని ఏడిస్తే అది మొండితనం కాదు, ఆ శబ్దం నిజంగానే భరించరానిది వాడికి. ఆడపిల్లల్లో ఇవి అంత తేలిగ్గా కనబడవు. నెమ్మదస్తురాలు, సిగ్గరి అని సరిపెట్టేస్తాం.

ఇవి కనబడితే వెళ్లడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలున్నవారి కోసం 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను త్వరగా గుర్తించే డీఈఐసీ కేంద్రాలున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. పిల్లాడు ఇక్కడ ఇమడడని బడివాళ్లు చేతులెత్తేస్తే చూపించాల్సింది ఆ చట్టాన్నే. స్టెమ్‌సెల్స్‌తో నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్ల గుమ్మం మాత్రం తొక్కకండి.

థెరపీ కేంద్రాల వరండాల్లో సంచీ, టిఫిన్ డబ్బాతో కూర్చునేది ఎక్కువగా తల్లులే. నాన్నలు కూడా రావాలి. అక్కడ నేర్పిన ఆటని ఇంట్లో నాయనమ్మ కూడా ఆడించాలి. ఆ తల్లి ఒక మధ్యాహ్నం నిద్రపోవాలి.