ఇంట్లో జబ్బు చేస్తే ఆవుల సంగతేంటి?

పై వీడియోలో గుడివాడ దగ్గర ఒక రైతు చావిట్లో కనిపించే రెండు ఒంగోలు ఆవులు నిరుటి దాకా దివిసీమలో మా ఇంట్లో ఉండేవి. ఎందుకిచ్చేశారని చాలామంది ఫోన్ చేస్తున్నారు. "దేశీ ఆవుని వదిలేసి ప్రకృతి వ్యవసాయం ఏంటండీ?" అని ఒకాయన గట్టిగానే అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే రాస్తున్నా.

నిరుడు మా ఆవిడకి జబ్బు చేసింది. వారానికి రెండుసార్లు చల్లపల్లి మీదుగా బందరు ఆస్పత్రికి తిరుగుడు. ఆవుల పని మా ఇంట్లో ఎవరు చేస్తున్నారో నాకు అప్పుడు తెలిసొచ్చింది. నేను జీవామృతం కలిపేవాణ్ణి, మీటింగుల్లో మాట్లాడేవాణ్ణి. తెల్లారగట్ల లేచి పేడ తీసి, మూత్రం పట్టి, కుడితి పెట్టింది ఆవిడ. ఒక్క దేశీ ఆవుతో 30 ఎకరాలు చెయ్యొచ్చని పాలేకర్ గారు చెప్పారు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. ఆ ఆవు వెనక రోజూ నిలబడే మనిషి మంచం పడితే ఏం చెయ్యాలో మాత్రం ఏ శిక్షణలోనూ నేను వినలేదు.

రేపు తగ్గుద్ది, ఎల్లుండి తగ్గుద్ది అనుకుంటూ మూడు నెలలు నెట్టాను. అదే నా తప్పు. కూలికి పెట్టిన కుర్రాడు ఒకపూట వస్తే ఒకపూట రాడు. పెద్దావుకి పొదుగువాపు వచ్చింది, రెండూ ఎముకలు తేలాయి. అప్పుడొచ్చాడు దళారి, "ఆస్పత్రి ఖర్చులకి పనికొస్తాయి గదా" అంటూ. వట్టిపోయిన ఆవుని కూడా బేరం లేకుండా కొంటానన్నాడంటే అది ఎక్కడికి పోతుందో మనకి తెలియనిది కాదు.

గోశాలకి ఇవ్వమన్నారు కొందరు. దిక్కులేని గొడ్లకి గోశాల ఉంది. వాటి గడ్డిలో మన ఆవు వాటా అడగటం నాకు నచ్చలేదు. పాల రైతుకి వట్టిపోయిన ఆవు దండగ. మనకి కావాల్సింది పేడ, మూత్రం కాబట్టి మనవాళ్ళకి అది దండగ కాదు. అందుకే అలాంటి ఆవుకి ఇల్లు మన ప్రకృతి రైతుల్లోనే వెతకాలని నా గట్టి అభిప్రాయం. అదీ ఆవులు చిక్కిపోక ముందే, జబ్బు పేరు తెలిసిన వారంలోనే.

ముందు గడ్డి చూడండి. నందివాడ వైపు మేత భూములు చేపల చెరువులైపోయాయి. కోత మిషన్లొచ్చాక గడ్డివామి ఉన్న ఇల్లే కరువు. నేను చెప్పకుండా రెండు సాయంత్రాలు వెళ్ళి ఆయన చావిట్లో నేల, నీళ్ళ తొట్టి చూసొచ్చాను. మనిషి మంచివాడే, అయినా కాగితం రాసుకున్నాం: నాకు చెప్పకుండా అమ్మకూడదు, మొదటి పెయ్య మాది. చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు పశువుల ఆస్పత్రిలో ఆయన పేరు మీదికి మార్పించాం. డాక్టరు గారి సర్టిఫికెట్ లేకుండా బండి ఎక్కించకండి. 1978 రవాణా నిబంధనల ప్రకారం లారీలో కూడా ఆరు పశువులకి మించకూడదు. వారానికి సరిపడా మన గడ్డి వెంట పంపండి, కొత్త మేతలో మెల్లగా కలుపుకుంటారు. ఎడమవైపు కూర్చుంటే తన్నుద్ది లాంటివి కూడా దాచకుండా చెప్పాలి.

మరి నా పొలం? ఆవులు వెళ్ళే ముందు ఘనజీవామృతం చేసి నీడన ఆరబెట్టుకున్నా, ఆరు నెలలు నిలవుంటుంది. ఎకరానికి 200 లీటర్ల జీవామృతానికి కావాల్సింది 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం. పక్కింటి దేశీ ఆవు నుంచి తెచ్చుకుంటున్నా, బదులు మినపపొట్టు ఇస్తున్నా. ఇందులో నామోషీ ఏముంది?

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఊళ్ళు మావి. ఆ రాత్రి గుంజకి కట్టేసి ఉన్న గొడ్లు ఉన్నచోటే పోయాయని మా నాన్న చెప్పేవాడు. మీ మండలంలో ఎవరింట గడ్డి ఉంది, ఎవరు మూడు నెలలు రెండు గొడ్లని సాకగలరు అన్నది ఇప్పుడే, అందరూ బాగున్నప్పుడే, రాసిపెట్టుకోండి. మాకు ఆ కాగితం లేకే మూడు నెలలు పోయాయి.

మా ఆవిడ ఇప్పుడు లేచి తిరుగుతోంది. పెద్దావు చూడిది. పెయ్య పుడితే తెచ్చుకుందామంటోంది. నేనింకా ఊఁ అనలేదు.