అతుకుమాటల చదువు

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణములలో ఉన్నత పాఠశాలలకు పోవు బిడ్డల ఇంగ్లీషు నోటుపుస్తకములను తల్లిదండ్రులు ఒక్కమాఱు తెఱచి చూడవలెనని మా ప్రార్థన. అందు పెక్కింటిలో ఒక పట్టిక కానవచ్చును. మోర్ ఓవర్, ఫర్దర్ మోర్, హౌఎవర్, నెవర్దిలెస్, ఆన్ ది అదర్ హ్యాండ్, ఇన్ కన్‌క్లూజన్ అని ఇరువది ముప్పది మాటలు వరుసగా వ్రాసియుండును. వీనికి లింకర్లని పేరు. వ్యాసమున ప్రతి పేరా మొదటను వీనిలో నొకటి నిలుపవలెననియు, నిలిపినచో మార్కులు పడుననియు, పట్టికను ఎక్కములవలె వల్లించిన చాలుననియు బిడ్డకు చెప్పుదురు. బిడ్డ వల్లించును. మార్కులును కొన్ని పడును. ఇల్లంతయు సంతసించును. ఈ పట్టికచదువు బిడ్డలకు ఇంగ్లీషును ఇయ్యకపోవుటయే గాక, ఇంటి భాషతోపాటు వారికి అబ్బిన యుక్తిని సైతము మొద్దుబార్చుచున్నదని చెప్పుటకే మేము కలము పట్టితిమి.

మొదటనే యొక అపోహను తొలగింపవలెను. ఇంగ్లీషు వలదనువారి పక్షము మాది కాదు. 2008లో నెలకొల్పబడిన ట్రిపుల్ ఐటీలలో నొకటి పులివెందుల చెంతనే ఇడుపులపాయలో నున్నది. పదవ తరగతి మార్కులను బట్టి పల్లెల బిడ్డలు అచ్చట చేరుచున్నారు. చేరిననాటినుండి వారికి శాస్త్రపాఠములన్నియు ఇంగ్లీషుననే. అట్టి బిడ్డల తల్లిదండ్రులతో ‘ఇంగ్లీషు ఏల?’ అనువాడు వారి కష్టసుఖముల నెఱుగనివాడు. తెలుగు గట్టిగా వచ్చినవానికి ఇంగ్లీషు పట్టువడదను మాటయు అసత్యమే. ప్రొద్దుటూరిలో నివసించి శివతాండవమును రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు ఇంగ్లీషులో ‘లీవ్స్ ఇన్ ది విండ్’ అను కవితాసంపుటిని గూడ వెలువరించిరి. ఆ భాషను బిడ్డలకు నేర్పుమనియే మేమును కోరుచున్నాము. నేర్పుచున్నామను పేర నేర్పకుండుటయే మాకు సమ్మతము కాదు.

వర్షాభావమును గూర్చి వ్యాసము వ్రాయుమనగా పట్టికను వల్లించిన బిడ్డ యెట్లు వ్రాయునో, ఆ ఇంగ్లీషును మాటకు మాటగా తెలుగున పెట్టి చూపెదము. ‘మా జిల్లాలో వానలు తక్కువ. అంతేకాక, వేరుసెనగ ఒక పంట. అయినప్పటికిని, రైతులు పేదవారు. మఱియొక ప్రక్క, నీరు విలువైనది. కావున, మనము చెట్లు నాటవలెను.’ ఇందు అక్షరదోషము లేదు, వ్యాకరణదోషము లేదు. పేరాలన్నియు క్రమశిక్షణతో నిలిచిన సిపాయిలవలె ఉన్నవి. అయితే వేరుసెనగ పంట యగుట వానలు తక్కువ యగుటకు అదనపు సంగతి యెట్లగును? పంట యుండియు పేదలైరని చెప్పదలచెనా? అట్లైన ఆ మాట యేది? మఱియొక ప్రక్క యన్నాడే, మొదటి ప్రక్క ఎక్కడ? దిద్దువారు ఈ ప్రశ్నలు వేయరు. పట్టికలోని మాటలు నాలుగు కనబడినవి, నాలుగింటి క్రిందను గీత గీసి మార్కు వేయుదురు.

ఆ బిడ్డ పులివెందుల ప్రాంతపు రైతు కుమారు డనుకొందము. మీ చీనీతోట యేమైనదని వానిని తెలుగున అడుగుడు. ‘వాన పడక బోరు ఎండిపోతే, అప్పు తెచ్చి ఇంకో బోరు వేసి, అదీ ఎండినాక మా నాయన చెట్లు కొట్టేసినాడు’ అనును. ఈ ఒక్క వాక్యమున ఎన్ని ముడులున్నవో లెక్కింపుడు. పడక, ఎండిపోతే, తెచ్చి, వేసి, ఎండినాక. ఒక్కొక్క ముడి ఒక్కొక్క సంబంధమును తెలుపుచున్నది. కారణమొకటి, దానివలన కలిగిన ఆపద యొకటి, ఆ ఆపదకు చేసిన ప్రయత్నమొకటి, ఆ ప్రయత్నము విఫలమైన పిమ్మట మిగిలిన దారి యొకటి. చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణమున ఇట్టి రూపములకు క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము, అప్యర్థకము అని పేర్లు పెట్టి చూపెను. ఆ పేర్లు బిడ్డ ఎఱుగడు, ఎఱుగవలసిన పనియు లేదు. తెలుగువాడు వాక్యములను వేఱు మాటలతో అతుకుటకంటె క్రియ తోకను తిప్పి కట్టుటయే యెక్కువ. అందుచేత వాని నోట ముడి యున్నట్లే తెలియదు.

ఈ వాక్యమును ఇంగ్లీషు చేయుటకు బికాజ్ ఒకటి, అండ్ ఒకటి, వెన్ ఒకటి చాలును. ఆ మూడును వానికి ఐదవ తరగతినాటికే తెలిసిన మాటలు. మోర్ ఓవరుతో ఇచ్చట పని లేదు. తండ్రి పడిన పాట్లను ఇంత పొందికగా చెప్పగల బిడ్డను ముందు నిలిపి ‘నీకు వాక్యములను కలుపుట రాదు, ఈ పట్టికను వల్లింపుము’ అనుట యెంతటి అన్యాయము! వాడును నమ్మును. తనకు ఆలోచన లేదనియు, ఆలోచన యనునది పట్టికలో దొరకు వస్తువనియు నమ్మును. మార్కులు పోయిన మరల వచ్చును గాని, ఈ నమ్మిక యొకమాఱు నాటుకొనినచో పెఱికివేయుట కష్టము.

పట్టికవలన కలుగు భ్రాంతి మఱియొకటి కలదు. ఇంగ్లీషుమాట కెదురుగా ఒక తెలుగుమాట వ్రాసి రెండును సమానమని చెప్పుట వాడుక. బికాజ్ అనగా గనుక అందురు. తెలుగున ‘గనుక’ కారణవాక్యము తుదను నిలుచును: ‘వాన పడలేదు గనుక పంట ఎండినది.’ ఇంగ్లీషున బికాజ్ కారణవాక్యము మొదట నిలుచును. పట్టికను నమ్మిన బిడ్డ తెలుగు వరుసను కదల్పక, గనుక ఉన్న చోటనే బికాజును పెట్టును. అప్పు డేమైనది? పంట ఎండినందువలన వాన పడలేదని అర్థము వచ్చినది! కారణము కార్యమైనది, కార్యము కారణమైనది. ఎఱ్ఱసిరాతో గురువు ‘అర్థము లేదు’ అని వ్రాయును. బిడ్డకు అర్థము ఉన్నది. మాటకు చోటు చెప్పనివారిదే లోపము.

‘అయితే’ యను మాట సంగతియు నిట్టిదే. ‘వాన వచ్చినది, అయితే చాలలేదు’ అన్నచో అది బట్. ‘నీవు రావా? అయితే నేనే వచ్చెదను’ అన్నచో అది దెన్. ఎదురెదురుగా రెండు మాటలు వ్రాసిన పట్టికలో ఈ భేదమునకు తావెక్కడిది? ఇక మోర్ ఓవర్ అనగా వట్టి ‘మఱియు’ కాదు. ఒక వాదమును నిలుపుటకు ఒక హేతువు చెప్పి, అదే వాదమునకు బలము చేకూర్చు రెండవ హేతువును తెచ్చునప్పు డది తగును. వాదమే లేనివాడు మోర్ ఓవర్ అనుట, మొదటి సాక్షియే రాని కోర్టులో రెండవ సాక్షిని పిలుచుట వంటిది.

ఈ సీమవారికి వాక్యము కూర్చుట క్రొత్తవిద్య కాదు. ఎఱ్ఱగుంట్ల మండలమున, ప్రొద్దుటూరికి కొలది దూరమున, కలమళ్ల గ్రామమున్నది. అచ్చటి గుడి ఆవరణలో దొరకిన రేనాటి చోళుల శాసనము సుమారు 575వ సంవత్సరమునాటిది. ఇంతవరకు లభించిన తెలుగు శాసనములలో మొదటిదిగా పండితులు దానిని పేర్కొందురు. అది పద్యము కాదు, గద్యము. పదునాలుగు వందల యేండ్లకు పైగా వాక్యములు కట్టిన భాష తన బిడ్డలకు ఏమియు నేర్పలేదని తలచి, ఇరువది మాటల పట్టికతో మొదలుపెట్టుట వింతగా లేదా?

పరభాష నేర్చు విధమునకు దృష్టాంతమును కూడ వెదుక బోనక్కరలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చెను. తరువాత అచ్చట బంగళా కొని, పండితులను చేర్చుకొని, తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసెను. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. ఆ బంగళా ఉండిన చోటనే నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది. ఆ నిఘంటువున చాల మాటలకు అర్థము చెప్పి ఊరకుండక, ఆ మాట వాక్యమున ఎట్లు కుదురుకొనునో చూపు ప్రయోగముల నిచ్చెను. మన భాష నేర్వవచ్చిన పరదేశి మాటను వాక్యముతో కూడ పట్టుకొనెను. పరభాష నేర్పబూనిన మనము వాక్యమును విడిచి మాటను పట్టుకొంటిమి.

ఇంగ్లీషువారి మతమేమి? హాలిడే, హసన్ అను భాషావేత్తలు 1976లో ఇంగ్లీషు రచనలో వాక్యములు ఒండొంటితో నెట్లు కలియునో ఒక గ్రంథమే వ్రాసిరి. వారు చెప్పిన విధములు ఐదు: సర్వనామాదులతో వెనుకటి వస్తువును సూచించుట, ఒక మాటకు బదులు మఱియొకటి నిలుపుట, తెలిసినదానిని విడిచిపెట్టుట, సంయోజకపదములను వాడుట, ఒకే కుటుంబపు మాటలతో ప్రసంగమును నడపుట. మన పట్టిక ఈ ఐదింటిలో నాలుగవదానికి మాత్రమే చెందినది. తక్కిన నాలుగింటి ఊసు ఏ నోటుపుస్తకమునను కానరాదు. విదేశములకు పోవువారు వ్రాయు ఐఇఎల్‌టీఎస్ పరీక్ష కొఱకై మన పట్టణముల యువకులు రుసుములు చెల్లించి ఈ పట్టికనే మరల వల్లించుట మఱియు శోచనీయము. ఆ పరీక్షవారు మార్కులు వేయు ప్రమాణములను బహిరంగముగనే ప్రకటించియున్నారు. వాక్యముల కూర్పు చదువరి దృష్టికి రాకుండ సాగుటను వారు ఉత్తమశ్రేణికి చాలకాలము లక్షణముగా చెప్పిరి. సంయోజకములను యంత్రమువలె వాడుటను, మితిమీఱి వాడుటను క్రిందిశ్రేణుల లోపములలో చేర్చిరి. అనగా రుసుము చెల్లించి నేర్చుకొనినది మార్కులు తగ్గించుకొను విద్య యన్నమాట! ప్రొద్దుటూరి బంగారపు అంగళ్ల నెఱిగినవారికి ఇది వింత కాదు. అతుకు పెట్టు లోహము మేలిమి బంగారము కాదు. నగలో అతుకులు పెరిగినకొలది మేలిమి తగ్గును.

ఉపాధ్యాయులు కొందఱు ఇట్లనవచ్చును. ‘అయ్యా, మీరు కూర్చుండి వ్రాయుదురు. మేము తరగతి నిండ బిడ్డలను పెట్టుకొని, పరీక్షనాటికి పాఠములు ముగింపవలెను. ఒక్కొక్కని ఆలోచనను సరిదిద్దు తీరిక మాకు లేదు. పేదబిడ్డకు ముందు మార్కులు కావలెను, పట్టిక వానిని గట్టెక్కించును.’ ఈ మాటలో సత్యము లేకపోలేదు. మార్కులు లేనిదే ఇడుపులపాయ గడప త్రొక్కుట లేదు గదా. గడప త్రొక్కిన పిమ్మట సంగతి యేమి? ప్రయోగశాలలో ద్రావణము రంగు మాఱినది, ఎందుచేత మాఱినదో వ్రాయుమందురు. ‘ఫర్దర్ మోర్’ అని వ్రాసి ఏమి ప్రయోజనము? అచ్చట ‘ఎందుచేత’ ఒక్కటే ప్రశ్న, దానికి పట్టికలో సమాధానము లేదు. అతుకుమాటలు నిండిన వ్యాసములనే కోరినచో నేడు యంత్రములు క్షణములో వలసినన్ని వ్రాసియిచ్చుచున్నవి. యంత్రము ఉచితముగా చేయు పనిని నేర్పుటకు బిడ్డ పదేండ్ల బాల్యమును వ్యయపఱుప వలయునా? తీరిక లేదను మాటకు మా ప్రత్యుత్తర మిది: పట్టికను వల్లింపజేయు గంటలోనే ఒక్క తెలుగు వాక్యమును నల్లబల్లపై వ్రాసి, దాని ముడులను బిడ్డలచేతనే విప్పించి, ఇంగ్లీషున మరల వేయింపవచ్చును. వారమునకు ఒక్క వాక్యము చాలును.

మాధ్యమము వివాదము పెద్దది, ఇచ్చట దానిని తీర్పబోము. 2019 నవంబరులో రాష్ట్రప్రభుత్వము ఒకటి మొదలు ఆఱవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమమే యని ఉత్తరువు వెలువరించుటయు, 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేయుటయు చదువరు లెఱుగుదురు. ఆ రగడ నడుమ ఒక మంచిపని జరిగినది. ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగు గల ద్విభాషా పాఠ్యపుస్తకములు ప్రభుత్వ పాఠశాలల బిడ్డల చేతికి వచ్చినవి. ఒకే సంగతిని రెండు భాషలు రెండు విధములుగా ఎట్లు కట్టునో చూపుటకు ఇంతకంటె మంచి సాధనము మఱి లేదు. దానిని ఆ పనికి వాడినవారు ఎందఱు?

తల్లులకు ఒక మాట. ‘నాకు ఇంగ్లీషు రాదు, బిడ్డ చదువులో నేనేమి చేయగలను?’ అని వెనుకకు తగ్గుచున్నవారు మన ఇండ్లలో ననేకులు. వ్యాసము వ్రాయుటకు ముందు బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని ‘ఏమి చెప్పదలచినావు? ఎందుకని? కాదనేవాడు ఏమంటాడు? వానికి నీ జవాబేమి?’ అని మన మాటలలోనే అడుగుడు. బిడ్డ తడబడిన చోట వ్యాసమును తడబడుచున్నదని తెలిసికొనుడు. ఈ పనికి ఇంగ్లీషు అక్కఱలేదు. ఆ పిమ్మట ద్విభాషా పుస్తకమును తెఱచి, తెలుగుపుటలో గనుక, అయితే, కాబట్టి ఉన్న చోట్ల పెన్సిలుతో గీత గీయుమని, ఎదురుపుటలో ఆ పని చేయుచున్న మాటను వెదకి దానిక్రిందను గీయుమని చెప్పుడు. తెలుగున వాక్యము నడుమ పడిన గీత ఇంగ్లీషున వాక్యము మొదటికి పోవుటను, ఒక్కొక్కచోట గీయుటకు మాటయే దొరకకపోవుటను బిడ్డ తానే కనుగొనును.