తుపాకికి కుదురు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున తెల్లతోక జింకల రైఫిలు వేట మొదలగు దినము సామాన్యమైన దినము కాదు. థాంక్స్‌గివింగ్ పండుగ వెనువెంటనే వచ్చు సోమవారమే చిరకాలము ఆ ముహూర్తముగా నడచుటయు, ఆ నాడు పల్లెపట్టుల బడులకు సెలవులిచ్చుటయు, 2019లో దానిని శనివారమునకు మార్చినప్పుడు తాతల నాటి ఆచారము చెడినదని పలువురు నొచ్చుకొనుటయు చూచినచో, వేట అచ్చటివారి జీవనములో ఎంత లోతుగా పాతుకొన్నదో తెలియగలదు. ఆ దినము సమీపించుకొలది తుపాకుల అంగళ్లలో సందడి హెచ్చును. నిరుడు గురి తప్పినదని చెప్పుకొని వచ్చినవానికి అంగడివాడు క్రొత్త రైఫిలునో, క్రొత్త దుర్భిణినో, ఖరీదైన తూటాలనో చూపించును; ఉన్న తుపాకి తన కొయ్యలో సరిగా కూర్చున్నదా లేదా అని అడుగువాడు అరుదు. ఆ ప్రశ్నయే మొదట అడుగదగినదనియు, దానికి సమాధానము చాలమందికి తమ యింటి బల్లమీదనే, ఒకటి రెండు సాయంకాలములలో, స్వల్పవ్యయముతో లభింపగలదనియు నా అభిప్రాయము. ఐతే తుపాకిని కొయ్యలో సరిగా కూర్చుండబెట్టు ఆ పని దేనికొరకో తెలియక చేసినచో అదియు మరియొక వ్యసనమే యగును.

గుండు పరుగెత్తు ఉక్కు గొట్టము, దాని మొదట బిగింపబడి బోల్టుకు ఇల్లైన యాక్షను, ఈ రెండింటిని మోయుచు వేటగాని భుజమునకు ఆనుకొను కొయ్య, ఈ మూడింటి పొందికయే రైఫిలు. యాక్షను అడుగున రీకాయిల్ లగ్ అనబడు ఉక్కుపలక యొకటి క్రిందికి పొడుచుకొని వచ్చి కొయ్యలోని గంటిలో దిగియుండును. తూటా ప్రేలినప్పుడు వెనుకకు తన్ను బలమును కొయ్యకు అందించునది ప్రధానముగా ఆ పలకయే. ప్రేలుడుతో గొట్టము ఆసాంతము కంపించును. ఆ కంపనము ప్రతిసారి ఒకే తీరున జరిగినంత కాలము గుండ్లు ఒకే చోటికి పోవును. పలక గంటిలో వదులై, యాక్షను ఒక దెబ్బకు ఒక రీతిగను మరియొక దెబ్బకు ఇంకొక రీతిగను కూర్చున్నచో, ఎంతటి శిల్పి తొలిచిన గొట్టమైనను, ఎంతటి స్థిరహస్తుడు పట్టిన తుపాకియైనను, ఆ వ్యత్యాసమును దాచలేదు. కుదురు లేని కుండ వంటిదే కుదురు లేని రైఫిలు. ఈ కుదురు తీర్చు పనినే అచ్చటి వేటగాండ్రు బెడ్డింగ్ అందురు.

చెట్టును నరికి ఎన్నేండ్లైనను కొయ్య గాలిలోని తేమను పీల్చుట మానదు. వాల్‌నట్ చెక్క నార వెంబడి పెరుగుట అత్యల్పమే గాని, నారకు అడ్డముగా ఉబ్బుటయు కుదించుకొనుటయు దానికి నిత్యకృత్యములు. కావున ఆగస్టు ఎండలో గురి సరిచూచుకొన్న తుపాకి నవంబరు వానలో తడిసి, ఉబ్బిన కొయ్యచే గొట్టము ఒక ప్రక్కకు నెట్టబడి, గుండును వేరొక చోటికి పంపుట వింత కాదు. దీనిని అమెరికా మెరైన్ దళము యుద్ధభూమిలో నేర్చుకొనెను. 1966లో రెమింగ్టన్ 700 ఆధారముగా సిద్ధపరచిన ఎం40 రైఫిళ్లను ఆ దళము తన గురికాండ్రకిచ్చి వియత్నామునకు పంపగా, అచ్చటి తేమకు వాల్‌నట్ కొయ్యలు ఉబ్బి వంకరపోయి గొట్టములను తాకసాగినవి. 1970లలో ఆ రైఫిలు ఎం40ఏ1గా మారినప్పుడు దానికి మెక్‌మిలన్ సంస్థవారి ఫైబర్‌గ్లాస్ కొయ్యను తొడిగిరి.

బ్రిటిషు సామ్రాజ్యపు ఆయుధకారులు ఈ చిక్కును వేరొక త్రోవలో ఎదుర్కొనిరి. లీ-ఎన్‌ఫీల్డ్ నెంబరు 4 రైఫిలులో కొయ్య గొట్టమును తాకరాదనుటకు మారుగా, కొయ్య మొన గొట్టమును కొన్ని పౌనుల బలముతో పైకి నొక్కుచుండవలెనని వారు విధించిరి. ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారమువారు తమ దేశపు మెత్తని కోచ్‌వుడ్ వాడవలసి వచ్చినందున దెబ్బతగులు తావులలో రాగిపలకలు పొదిగిరి. మన బంగాళములోని ఈషాపూరు కర్మాగారమువారు కొయ్య చీలకుండ దాని ముందుభాగమునకు అడ్డముగా ఒక మరను బిగించిరి. పాత రైఫిళ్లను సేకరించువారు ప్రపంచమంతట నేటికిని దానిని ఈషాపూరు మర యనియే పిలుచుచున్నారు. ఇవన్నియు తలంచినప్పుడు, గొట్టము దేనిని తాకక తేలియుండుటే పరమార్థమని నేటి రైఫిలు పత్రికలు చేయు ఘోష అతివాదమని తోచును. తాకినను తాకకపోయినను గురి కుదురవచ్చును. నేడు తాకి రేపు తాకకుండుటయే దోషము.

పని చేయుటకు ముందు రోగనిర్ణయము కావలెను. ఉలి పట్టుకొనుటకు తొందరపడు గృహస్థుడు యాక్షను మరలు సడలినవేమో, దుర్భిణిని పట్టియుంచు కమ్మీలు వదులైనవేమో, గొట్టపు మూతి అంచు దెబ్బతిన్నదేమో, తాను వాడు తూటాలే ఆ గొట్టమునకు సరిపడవేమో చూచుకొనడు. చూచుకొన్నచో సగము తుపాకులు ఉలి అవసరము లేకయే బాగుపడును. ఆ పిమ్మట గొట్టమునకు కొయ్యకు నడుమ ఒక కాగితపు పట్టీని దూర్చి మూతివైపునుండి వెనుకకు లాగి, ఎచ్చట పట్టునో గుర్తింపవచ్చును. కొయ్య మొనయు గొట్టమును కలియు చోట వ్రేలుంచి యాక్షను ముందరి మరను వదలించి మరల బిగించినప్పుడు గొట్టము లేచి పడుచున్నట్లు స్పర్శకు తెలిసినచో, ఆ తుపాకి కొయ్యలో కూర్చుండలేదు, వంచి కట్టబడినదని అర్థము. డయల్ గేజి కలవారు దానినే అంకెలలో చూచుకొందురు: అంగుళములో వేయింట అయిదు వంతులకు మించి కదలినచో కుదురు తీర్చవలెనని వాడుక.

ఇక పని. తుపాకి ఖాళీగా నున్నదని ఒకటికి రెండుసార్లు చూచి, బోల్టు తీసివేసి, ఉక్కును కొయ్యనుండి వేరుచేసి, ట్రిగ్గరును విప్పి దూరముగా పెట్టవలెను. లగ్ దిగు గంటి చుట్టును, యాక్షను ముంగల అడుగునను, వెనుక తోక ఆను చోటను ఉలితో కొంచెము చెక్క తీసి, అసలు ఎత్తు చెడకుండుటకు చిన్న చిన్న తావులు మాత్రము ముట్టక వదలవలెను. ఆ గుంటలో నింపునది ఎపాక్సీ బంక. ఆక్రాగ్లాస్ వంటి ఆ పనికే చేసినవి కలవు, యంత్రముల మరమ్మతుకు పుట్టిన డెవ్‌కాన్, పడవల మరమ్మతుకు పుట్టిన మెరైన్-టెక్స్ కూడ ఈ విద్యలో స్థానము సంపాదించుకొన్నవి. లగ్ ముందువైపునను, ప్రక్కలను, అడుగునను పలుచని టేపు అంటించి వెనుకముఖమును మాత్రము వట్టిగా వదలుటలో గొప్ప వివేకమున్నది: టేపు తీసిన పిమ్మట ఆ మూడు దిక్కుల స్వల్పమైన ఎడమేర్పడి, బలము మోయు వెనుకముఖ మొక్కటియే బంకకు నిండుగా ఆనుకొనును. ఉక్కులోని రంధ్రములను గాడులను బంకమన్నుతో పూడ్చి, పైన మైనము పల్చగా పూయవలెను. ఖరీదైన పూతలేవియు రంగులేని బూటుపాలిషును మించవని వాదించువారు కలరు. వారి పక్షమే నాకు నచ్చినది.

ఈ పూడ్చుటలో గాని పూయుటలో గాని అశ్రద్ధ చేసినవాని దుఃఖము చెప్పనలవి కాదు. బంక గాడులలో చొచ్చుకొని గట్టిపడినచో ఉక్కును కొయ్యను విడదీయువాడు లేడు. అట్టివారు తుపాకిని మంచుపెట్టెలో పెట్టి, చలికి ఉక్కు కుదించుకొని వదలునేమో యని ఆశపడుట ఆ లోకమున ప్రసిద్ధమైన హాస్యము. శ్రద్ధ చేసినవాడు బంకను మెల్లగా కలిపి, గాలిబుడగలు చిక్కకుండ గుంటలో నింపి, ఉక్కును దానిలో దింపి, మరలను బిగింపక కేవలము నిలుచునంత మాత్రమే త్రిప్పి, అంచులవెంట పొంగిన బంకను దూదితో తుడిచి, మరునాటివరకు దాని జోలికి పోడు. ఈ బిగింపు విషయమున పొరపడువారే అధికులు: తడిబంకమీద మరలను గట్టిగా బిగించినచో ఉక్కు వంగిన ఆకారమే బంకలో శాశ్వతముగా ముద్రితమై, ఏ వ్యాధి కొరకు చికిత్స ఆరంభించిరో ఆ వ్యాధికే గూడు కట్టినవారగుదురు. మరల చుట్టును అల్యూమినియం గొట్టములు పొదిగి, బిగింపు కొయ్యమీదగాక లోహముమీద పడునట్లు చేయుట మరింత మేలు. గొట్టమునకు ఎడము కావలెనన్నచో, ఒక గుండ్రని కఱ్ఱకు ఉప్పుకాగితము చుట్టి కాలువను అరగదీయుట పిల్లవాడును చేయగల పని.

అన్ని తుపాకులకు ఇది తగదు. 1964కు ముందటి వించెస్టర్ మోడల్ 70 చెక్కుచెదరక చేతనున్నవాడు దాని కొయ్యను తొలిచినచో, కాగితముమీద గుండ్లు పడు రెండు అంగుళముల గుంపును ఒక అంగుళము చేసి తుపాకి విలువను పోగొట్టుకొనును. నేటి చౌకరకపు ప్లాస్టిక్ కొయ్యలలో కొన్నింటికి బంక అంటుకొననే అంటుకొనదు, అంటుకొన్నను వాని మొన చేతితో నొక్కిన వంగును. ఆనాటి మన చిత్తూరు జిల్లా చామల లోయలో పులిని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలోని .405 వించెస్టర్ 1895 వంటి లీవరు రైఫిళ్లకు కొయ్య రెండు ముక్కలుగా నుండుటచే ఈ చికిత్స ఈ రూపమున వర్తింపదు.

అసలు ఎంత గురి చాలును? వంద గజముల దూరమున కోణములో ఒక నిమిషము ఇంచుమించు 1.047 అంగుళములు. తెల్లతోక జింక గుండె ఊపిరితిత్తులుండు చోటు ఎనిమిది అంగుళముల చక్రమునకు తగ్గదు. రెండు నిమిషముల గుంపు వేయు సామాన్యమైన తుపాకి రెండువందల గజములలో సుమారు నాలుగు అంగుళములలో గుండ్లు వేయును. ఆ జింకకు అది చాలును. మరి అర అంగుళపు గుంపు వేసిన కాగితమును జేబులో పెట్టుకొని తిరుగు మిత్రుడు సాధించిన దేమి? వేడెక్కిన గొట్టముతో, బల్లమీద ఇసుకసంచుల నడుమ, అతడు తన తుపాకి గొప్పతనమును నిరూపించెను. అడవిలో వేటగానికి దొరకునది చల్లని గొట్టమునుండి వెడలు మొదటి గుండొక్కటి. ఆ గుండు వానలోను, చలిలోను, కారులో మూడువందల మైళ్లు కుదిలింపబడి వచ్చిన పిమ్మటను తన చోటునే పడుట గుంపు సన్నదనముకంటె వేయిరెట్లు ముఖ్యము. కుదురు తీర్చుటవలన కలుగు నిజమైన లాభము అదియే. గుంపు తగ్గుట కొసరు మాత్రమే.

చోటు తప్పిన గుండు వ్యర్థమై పోదు. అది ఎచ్చటనో ఒకచోట తగులును. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ కుమావూఁ కొండలలో కూల్చిన చంపావత్ ఆడపులి 436 మందిని చంపినదని లెక్క. దాని నోరు తెరచి చూడగా కుడివైపు కోఱలు పైదియు క్రిందిదియు విరిగియుండెను, పూర్వమెవరో కాల్చిన దెబ్బవలననే అది సహజమైన వేటకు పనికిరాక మనుష్యులపై పడినదని కార్బెట్ నిర్ధారించెను. ఇక చట్టము మాట: మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతిపత్రము లేనివాడు తుపాకిని మరమ్మతు చేయుట సైతము నేరమే. కనుక పైన వర్ణించిన పని చట్టమంగీకరించు దేశములలోని వారికే గాని, ఇచ్చట మూలనున్న తాతగారి తుపాకిని విప్పుటకు ఎవరికిని ప్రోత్సాహము కాదు.

వేట చట్టసమ్మతమైన చోట దానిని మానుమని బోధించుట నా పని కాదు. మానని పక్షమున ప్రాణికి బాకీపడిన కనీసధర్మమేమని అడుగుట మాత్రము తగును. న్యూయార్కు రాష్ట్రము 1949లో వేటగాండ్రకు శిక్షణను నిర్బంధము చేసినది, తదుపరి తక్కిన రాష్ట్రములును ఆ త్రోవను పట్టినవి. తుపాకి మూతిని ఎటు త్రిప్పవలెనో, కంచె నెట్లు దాటవలెనో ఆ శిక్షణ చక్కగా నేర్పును. కాని ఒకసారి పత్రము పొందిన రైఫిలు వేటగానిని ఈ సంవత్సరము నీ తుపాకి ఎచ్చట కొట్టుచున్నదని సాధారణముగా ఎవరును అడుగరు. నార్వే దేశమున పెద్దమృగములను వేటాడగోరువాడు ఏటేట పరీక్షకు నిలువవలెను: వంద మీటర్ల దూరమున రెయిన్‌డీర్ బొమ్మమీద 30 సెంటీమీటర్ల చక్రములో ఐదు గుండ్లకు ఐదును పడవలెను. చక్రము చిన్నది కాదు, షరతు క్రూరమును కాదు. దీనిని అమెరికా రాష్ట్రములు స్వీకరింపవలెనన్నచో స్వేచ్ఛకు భంగమని కొందరు లేతురు. వాహనము నడుపువానికి దృష్టిపరీక్ష పెట్టినప్పుడు భంగము కాని స్వేచ్ఛ ఐదు గుండ్లకు భంగపడునని నేను నమ్మను. పరీక్ష మాత్రము ఆగస్టు ఎండలో గాక వేటకాలమునకు ముందు వారములలో, అడవికి తీసికొనిపోవు తూటాలతోనే, చల్లని గొట్టముతోనే మొదలిడవలెను. తప్పినవానికి జరిమానా వేయనక్కరలేదు, ఇంటికి పోయి కొయ్యను విప్పి చూచుకొని మరల రమ్మన్న చాలును.