ఆక్రమిత భూమి - దేవుని సొత్తు

పరదేశమును సైన్యబలముచే ఆక్రమించినవానికి ఆ దేశమందలి గుడిగోపురములపై ఎట్టి హక్కు కలుగును? ఏ హక్కును కలుగదని అంతర్జాతీయ ధర్మశాస్త్రము నూరేండ్లకు పైబడి ఘోషించుచున్నది. దేవాలయములకును, ధర్మసంస్థలకును, విద్యాకళాసంస్థలకును చెందిన ఆస్తి ప్రభుత్వపు సొత్తేయైనను, దానిని వ్యక్తుల సొంత ఆస్తివలెనే చూడవలయునని 1907వ సంవత్సరపు హేగు నిబంధనలలో 56వది విధించినది. దానిని స్వాధీనపరచుకొనుటయు, బుద్ధిపూర్వకముగ చెరచుటయు నిషిద్ధములు. రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపా చిత్రశాలలు కొల్లవోయిన పిమ్మట ఇది చాలదని తోచి, 1954లో మరల హేగు నగరముననే సాంస్కృతికసంపద రక్షణకై ప్రత్యేకమైన ఒడంబడికయు, దాని కొక అనుబంధమును వ్రాసిరి. ఆక్రమించినవాడు ఆ దేశపు అధికారులకు తోడ్పడి కట్టడములను కాపాడవలెను. అచ్చటి ప్రాచీనవస్తువులు ఎల్లదాటకుండ ఆపవలెను. దాటి వచ్చినచో, వచ్చి చేరిన దేశము వానిని పట్టి యుంచి, పోరు ముగిసిన పిదప తిరిగి యీయవలెను. మాటలు చక్కగనే యున్నవి. అవి కాగితము దాటి ఎంతదూరము నడచినవో తెలిసికొనుటకు సైప్రసు ద్వీపమును మించిన తార్కాణము మాకు కనబడుట లేదు.

ఆ ద్వీపము భారతీయులకు అపరిచితము కాదు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు నాయకుడుగ నుండి జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో అచ్చటనే కన్నుమూసెను. 1974లో టర్కీ సైన్యములు దిగిననాడు ఆ శాంతిసేనకు నాయకుడు మన ప్రేమ్‌చంద్. ఆ సంవత్సరము జూలై 15వ తేదీని గ్రీసు సైనికనియంతల ప్రేరణచే అధ్యక్షుడు మకారియోస్‌పై కుట్ర జరుగుటయు, అయిదు దినములకే టర్కీ దండెత్తుటయు, ఆగస్టు నాటికి ద్వీపమున మూడవవంతునకు మించిన భూమి దాని వశమగుటయు చరిత్ర. ఉత్తరముననున్న గ్రీకులు దక్షిణమునకును, దక్షిణముననున్న టర్కీజాతివారు ఉత్తరమునకును తరలిపోవలసివచ్చెను. ఉభయులును తమ దేవుని ఇండ్లను వెనుక విడిచిపోయిరి. ఆ కలహమున తప్పెవరి దెంత యను విచారణలోనికి మేమిచట దిగము. గుడి గోడకు ఆ విచారణతో పనిలేదు.

ఉత్తరభాగమున లిథ్రంగోమి యను పల్లె గలదు. అందలి కనకారియా మాత గుడిలో, గర్భాలయపు అర్ధగుమ్మటము లోపలితట్టున, 6వ శతాబ్దమున రంగురాళ్ళును గాజుపలుకులును పొదిగి మేరీమాతను, బాలక్రీస్తును, దేవదూతలను, అపొస్తలులను చిత్రించిరి. 8వ శతాబ్దమున బైజాంటియము చక్రవర్తులు పవిత్రచిత్రములను నిషేధించి చెరిపించిరి. ఆ గండము గడచి నిలిచిన బహుకొలది పనులలో నిది యొకటి. చక్రవర్తుల యాజ్ఞను తప్పించుకొన్న ఆ రూపములు మన కాలపు ఉలిదెబ్బను తప్పించుకొనజాలకపోయినవి. 1976 నాటికి అచ్చటి పూజారులును భక్తులును వెడలిపోయిరి. గుమ్మటము నొలిచివేసిరను వార్త 1979లో దక్షిణమునకు చేరెను. సైప్రసు ప్రభుత్వమువారు యునెస్కోకును, ప్రదర్శనశాలలకును, పండితపరిషత్తులకును వెంటనే జాబులు వ్రాసిరి. ఈ జాబులు వ్యర్థములని ఆనాడు నవ్వినవారుండవచ్చును. తరువాతి వ్యాజ్యమున, సొంతదారు ఊరకుండలేదనుటకు ఇవియే సాక్ష్యములైనవి.

ఇల్లు కాలి ఒకడేడ్చుచుండ చుట్టకు నిప్పిమ్మని వేరొకడడిగెనను సామెత మనకున్నది. 1988 వేసవిలో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరపు వర్తకు రాలొకతె జెనీవా విమానాశ్రయమున ఆ గుమ్మటపు ముక్కలు నాలుగింటిని చూచి, 10,80,000 డాలర్లకు కొని తీసికొనిపోయెను. పిదప కాలిఫోర్నియాలోని గెట్టీ ప్రదర్శనశాలకు వానిని రెండుకోట్ల డాలర్లకు బేరము పెట్టగా, అచ్చటి అధికారి సంగతి గ్రహించి సైప్రసువారికి తెలియజేసెను. క్రైస్తవసంఘమును, ప్రభుత్వమును 1989లో దావా తెచ్చిరి.

ప్రతివాది వాదములలో ఒకటి మిక్కిలి గమనింపదగినది. ఆక్రమితభాగమున 1975లో వెలసిన పాలకవర్గము, జనులు విడిచిపోయిన చరాస్తి యంతయు తమ వశమగునని శాసించినది గనుక, గుడిసొత్తు గుడికి కాకుండ పోయినదట! జనులను తరిమినవారి నీడలో పుట్టిన అధికారము, జనులు లేరు గనుక సొత్తు మాదని వ్రాసికొన్న కాగితమిది. ఈ వాదము నెగ్గియుండినచో 1907 నుండి వ్రాసిన నిబంధనలన్నియు నీటిమీది వ్రాతలై యుండెడివి. ఏలయనగా ప్రతి ఆక్రమణదారుడును ఇట్టి కాగిత మొకటి వ్రాయగలడు. ఆ పాలకవర్గమును టర్కీ తప్ప మరియే దేశమును గుర్తింపలేదు. 1983లో అది స్వతంత్రరాజ్యమని చాటుకొన్నపుడు ఆ ప్రకటన చెల్లదని భద్రతాసమితి 541వ తీర్మానమున స్పష్టపరచినది. న్యాయాధిపతి జేమ్స్ నోలెండ్ ఆ శాసనములను లెక్కచేయక, దొంగ తనకు లేని హక్కును పరునికి అమ్మజాలడను సామాన్యన్యాయము ననుసరించి, 1989 ఆగస్టు 3వ తేదీని సొత్తు గుడిదేయని తీర్పు చెప్పెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో చికాగోలోని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము దానిని స్థిరపరచెను. 1991లో ఆ చిత్రములు నికోసియా నగరము చేరినవి. లిథ్రంగోమికి కాదు, ఆ పల్లె నేటికిని గీతకు అవతలనే యున్నది.

ఇందు వింత యొకటి గలదు. ఈ తీర్పు చెప్పిననాటికి అమెరికా 1954 ఒడంబడికలో చేరనే లేదు, చేరినది 2009లో. అనుబంధమునందు అప్పుడును చేరలేదు. అమెరికా తన సొంత న్యాయముతోనే దొంగసొత్తును తిరిగి యిప్పించినది.

దీనిని హాలెండుతో పోల్చి చూడుడు. ఒడంబడిక పుట్టినది ఆ దేశపు హేగు నగరముననే. 1958 నుండియు ఆ దేశము ఒడంబడికకును అనుబంధమునకును కట్టుబడియున్నది. అదే ఆక్రమితభాగమందలి ఆంటిఫోనిటిస్ గుడినుండి తరలిన నాలుగు పటములు హాలెండువాసుల చేతికి వచ్చినవి. సైప్రసు క్రైస్తవసంఘము వానిని కోరి దావా వేయగా, 1999లో రొట్టర్‌డామ్ న్యాయస్థానము దావాను కొట్టివేసెను. 2002లో అప్పీలును పోయినది. అదియు హేగు నగరముననే! అనుబంధము రాజ్యమునకే బాధ్యత పెట్టును గాని, దానిని అమలుపరచు దేశీయశాసనము లేనిది పౌరుని చేతిలోని వస్తువును లాగికొనుటకు చాలదని న్యాయమూర్తుల అభిప్రాయము. న్యాయమూర్తులను నిందించుట సులభము. కాని ఒడంబడికపై సంతకముచేసి సుమారు అర్ధశతాబ్దము శాసనము చేయకుండ కూర్చున్నది న్యాయమూర్తులు కారు. ఆ పిదప హాలెండు సిగ్గుపడినదో, మేల్కొన్నదో, 2007లో ఆక్రమితదేశములనుండి వచ్చిన సాంస్కృతికవస్తువులను తిరిగి యిచ్చుటకు ప్రత్యేకశాసనము చేసినది. దానిక్రింద 2013లో ఆ నాలుగు పటములును సైప్రసునకు పోయినవి. వస్తువులును మారలేదు, దొంగతనమును మారలేదు. నడుమ వచ్చినది ఒక్క శాసనము.

తరలిపోయిన వస్తువుల సంగతి ఇట్లుండ, తరలింపరాని కట్టడముల గతి యేమి? టర్కీ 1965లోనే ఒడంబడికలో చేరినది. అయినను ఉత్తరభాగమున అనేక క్రైస్తవాలయములు కప్పులూడి, గంటలు పోయి పాడుపడినవి, కొన్ని మసీదులైనవి, కొన్ని గిడ్డంగులును, పశువులకొట్టములును అయినవి. కంచెయే చేను మేసినచో కాచువారెవరు? ఇట్టి స్థలముల రూపమును, వినియోగమును మార్చి చరిత్రను కప్పిపుచ్చుటయు, అత్యవసరము లేక త్రవ్వకములు సాగించుటయు కూడదని 1999వ సంవత్సరపు రెండవ అనుబంధము స్పష్టముగ చెప్పుచున్నది. టర్కీ దానిలో చేరలేదు. దక్షిణమునను టర్కీజాతివారు విడిచిన పల్లెలలో మసీదులు కూలుట, సమాధులు చెదరుట జరిగినవి. ఆ మాట దాచి ఈ మాట చెప్పుట న్యాయము కాదు.

ఈ కట్టడములకు నిజముగ మేలు చేసినది న్యాయస్థానము కాదు. 2008లో ఉభయజాతులవారు కలిసి యేర్పరచుకొన్న సాంస్కృతిక సంఘ మొకటి గుడులకును మసీదులకును పనివాండ్రను పంపి గోడలు నిలబెట్టుచున్నది. ద్వీపపు తూర్పుకొననున్న అపొస్తలుడు ఆండ్రూ మఠమునకు గ్రీకు క్రైస్తవసంఘమును, టర్కీజాతివారి వక్ఫు సంస్థయు చెరిసగము ధనమిచ్చి మరమ్మతు చేయించుట మాకు ఒక తీర్పుకంటె ఎక్కువ సంతోషము కలిగించినది. అయితే ఇది ఉభయుల మంచితనముపై నిలిచిన పని; మంచితనము సన్నగిల్లిననాడు ఆపుటకు చేతిలో శాసనముండక తప్పదు.

ఇక మన మాట. భారతదేశము 1958లోనే ఒడంబడికను, మొదటి అనుబంధమును అంగీకరించినది. రెండవ దానిలో చేరలేదు. 1972వ సంవత్సరపు ప్రాచీనవస్తువుల చట్టము ముఖ్యముగ మన విగ్రహములు పైదేశములకు పోకుండ కాపాడుటకు పుట్టినది. రేపు ఆక్రమితదేశపు పటమొకటి బొంబాయి రేవున దిగి వేలమునకు వచ్చినచో, దానిని పట్టి యుంచి సొంతదారుల కిచ్చుటకు మనకు తగిన ప్రత్యేకశాసన ముండవలెను. మనము పరుల న్యాయముచే మేలుపొందినవారము. తంజావూరు మండలమందలి పత్తూరు నటరాజు దొంగరవాణాలో లండను చేరినపుడు, 1991లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము శిథిలమైన ఆ ఆలయమునకే వాదిగ నిలుచు హక్కు గలదని అంగీకరించి విగ్రహమును మన కిచ్చినది. అన్యమతము, అన్యదేశము, భక్తులు లేని గుడి యని ఆ న్యాయమూర్తులు తలచియుండినచో నటరాజు నేడును లండనులోనే యుండెడివాడు. ఇతరుల దేవుడు మన రేవున దిగినపుడు మనమేమి సమాధానము చెప్పుదుము?

కావున కేంద్రప్రభుత్వమువారు రెండవ అనుబంధమున చేరుటయే కాక, మొదటిదానిని అమలుపరచు బిల్లును పార్లమెంటు ఎదుట పెట్టవలెనని మేము కోరుచున్నాము. కొన్నవారు తెలియక కొనిరని రుజువైనచో నష్టపరిహారమీయవచ్చును. మొదటి అనుబంధమే అందుకు దారి చూపినది. ఎరుగుదుమని తెలిసియు వ్యాపారము చేసినవానికి శిక్ష యుండవలెను. నమూనాకొరకు దూరము పోనక్కరలేదు. హాలెండువారి 2007 శాసనమును, ఒడంబడికలో చేరుటకై ఇంగ్లండు 2017లో చేసికొన్న శాసనమును మన న్యాయశాఖవారి బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఒక్క సమావేశకాలములో బిల్లు సిద్ధము కాగలదు.