గరిసె చేసిన నేరమేమిటి?

గరిసె అంటే ఏమిటని పదో తరగతి పిల్లవాణ్ణి అడిగి చూడండి. తెల్లమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు. నేర్పవలసిన పెద్దలకే పట్టని మాట వాడికెక్కడ దొరుకుతుంది?

మేదరి వెదురు బద్దలతో అల్లితే, ఇంటి ఆడవాళ్లు పేడా మట్టీ కలిపి మెత్తితే నిలబడేది గరిసె. ఏడాది తిండిగింజలకు అదే దిక్కు. ఆ పేరే కొలతకూ ఎక్కింది. తూము, ఏదుము, పందుము, పుట్టి... వీటన్నిటికీ పైన కూర్చున్న పెద్దకొలత గరిసె. ఊరిని బట్టి లెక్క మారేది. మద్రాసులో మాత్రం 400 మరకాలు, అంటే 3,200 పడులు. వడ్లకే కాదు, ఉప్పుకూ అదే కొలత. 1684-85లో సెయింట్ జార్జి కోట నుంచి 200 'గార్సు'ల ఉప్పు సిద్ధం చేయమని తాఖీదు వెళ్లింది. ఈస్టిండియా కంపెనీ దొరకు నోరు తిరగక గరిసె గార్సయింది. అయినా దాన్ని వదులుకోలేదు. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ మాటకు చోటిచ్చి, తెలుగు మూలాన్నీ చూపింది. సముద్రాలు దాటి వచ్చినవాడు పద్దుకెక్కించుకున్న మాటకు మన వాచకాల్లో ఒక్క పంక్తి కరవా?

కిలోలు వచ్చాయి, క్వింటాళ్లు వచ్చాయి. రావలసిందే. 1956 నాటి చట్టం కొలతను మార్చమంది గాని మాటను పాతిపెట్టమనలేదే!

ఇలాంటి మాటల విలువ తెలిసినవారు మనలో లేకపోలేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటి మాటలు సేకరించి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు; 1971లో చేనేత పదకోశం. తెలుగు చేసుకున్న అదృష్టమది. దాన్ని మనం ఎలా నిలుపుకున్నాం? వాటిని అచ్చువేసిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీనే 1983లో రద్దుచేసుకున్నాం. ఆ సంపుటాలు ఇవాళ ఎన్ని బడుల్లో ఉన్నాయో విద్యాశాఖవారు చెప్పగలరా? ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమంటూ వేదికలెక్కి మాతృభాషను పొగిడి శాలువాలు కప్పించుకునే అమాత్యులకు మేదరి మాట, కుమ్మరి మాట, ఉప్పు కొటారు మాట తెలుగు కాదా? పండితుడి మాటే భాషా? పాటుపడేవాడిది గోలా?

అయ్యా, రెండు రాష్ట్రాల ఏలికలారా! ఆ పదకోశాలను మళ్లీ అచ్చువేయించి ప్రతి ఉన్నత పాఠశాలకూ పంపండి. ఈ మాటలు ఇంకా నోట ఆడుతున్న ముసలివాళ్ల దగ్గరికి మనుషులను పంపి రాయించండి. వాళ్లు మీ తీరిక కోసం ఆగరు.