ఫైటు మాస్టారు మీ ఊళ్లో ఉన్నారా?

సినిమా వదిలాక హాలు బయట ఒక్క నిమిషం నిలబడి చూడండి. మదనపల్లె కానివ్వండి, పుంగనూరు కానివ్వండి, కుప్పం కానివ్వండి... బండ్ల స్టాండు దగ్గర కుర్రాళ్లు గాల్లో చేతులు విసురుతూ కనిపిస్తారు. రెండు గుద్దులు, ఒక గంతు, నోటితోనే "డిష్యుం" అని ఒక చప్పుడు! ఈ సరదా ఈనాటిది కాదు. కత్తి కాంతారావు గారి యుద్ధాలు చూసి వెదురుబద్దలు దూసిన వాళ్లున్నారు. 1973లో "ఎంటర్ ది డ్రాగన్" వచ్చాక బ్రూస్‌లీ బొమ్మ గోడకెక్కించిన వాళ్లున్నారు. 1980లలో సుమన్, భానుచందర్ కరాటే చూసి పొద్దున్నే లేచి పరిగెత్తిన వాళ్లూ, 1999లో "తమ్ముడు" చూసి బాక్సింగ్ గ్లవ్స్ కొన్నవాళ్లూ ఉన్నారు.

ఈ సరదా వెనకాలే ఒక అసలు ప్రశ్న ఉంది. "ఆత్మరక్షణ కోసం కొత్తగా నేర్చుకోవాలంటే ఏది మంచిది? కరాటేనా, జూడోనా, బాక్సింగా?"

అడిగేది మగపిల్లలే అనుకోకండి. పుంగనూరులో బస్సెక్కి మదనపల్లెలో కాలేజీకి వచ్చే అమ్మాయి సంగతి చూడండి. నిలబడటానికే చోటు లేని బస్సులో ఒకడు వెనక చేరి వేషాలు వేస్తాడు. ఇంట్లో చెబితే వాడికేం కాదు. "చదివింది చాల్లే పాపా, ఇంట్లో ఉండు" అని ఈ పిల్ల చదువే ఆపేస్తారు. అందుకని చాలామంది చెప్పరు, పళ్లబిగువున ప్రయాణం చేస్తారు. కాబట్టి ఇది బెల్టు రంగు సంగతి కాదు, ఒక డిగ్రీ పూర్తవుతుందా లేదా అన్న సంగతి సుమా!

ఏ విద్యలో ఏముంది?

ముందు బాక్సింగ్. చేతులు ముఖానికి కాపలా పెట్టుకోవడం, అడుగు వెయ్యడం, ఎదుటివాడి చెయ్యి వస్తున్నప్పుడు కళ్లు మూసుకోకుండా ఉండటం... ఇవి తొందరగా ఒంటబడతాయి. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిందంటే ఇది మగాళ్ల ఆట అనే మాటకు ఇక విలువ లేదు. లోపమేమిటంటే, ఎవడైనా వచ్చి వాటేసుకుంటే బాక్సింగ్ దగ్గర జవాబు తక్కువ. గ్లవ్స్ లేని పిడికిలితో తల మీద గుద్దితే విరిగేది మన వేళ్లే!

ఆ పట్టు విడిపించుకోవడం జూడోలో ఉంది. 1882లో జపాన్‌లో జిగోరో కానో మొదలుపెట్టిన విద్య ఇది. మొదట నేర్పేది పడటం! నవ్వకండి. జీవితంలో ఎన్నిసార్లు కొట్లాడతాం? బండి మీంచి, మెట్ల మీంచి ఎన్నిసార్లు పడతాం? తల నేలకు తగలకుండా పడటం తెలిసినవాడికి ఆ విద్య ముసలితనం దాకా పనికొస్తుంది. కాకపోతే మెత్తటి పరుపులు లేనిచోట జూడో నేర్చుకోకండి. మన కుస్తీలోనూ పట్టే ప్రాణం. కోడి రామమూర్తి నాయుడు గారు పుట్టిన గడ్డ మనది, మట్టి గోదాను చిన్నచూపు చూడకండి.

చిన్న ఊళ్లలో ఎక్కువగా దొరికేది కరాటే. ఒకినావా దీవుల్లో పుట్టి, 1922లో ఫునకోషి మాస్టారు టోక్యోలో ప్రదర్శించాక జపాన్ అంతా పాకింది. క్రమశిక్షణ, ఒంటికి బలం, గొంతెత్తి అరిచే ధైర్యం ఇస్తుంది. గాలిని కొట్టడంతోనే ఆపేస్తే మాత్రం డ్రిల్లు చేసినట్టే. కొరియావారి తైక్వాండోలో కాళ్ల వేగం కళ్లు తిప్పుకోనివ్వదు. కానీ కిక్కిరిసిన బస్సులో తల ఎత్తుకు కాలు లేపేది ఎక్కడ?

ఇక మన కర్రసాము. సరిహద్దు దాటితే తమిళులు సిలంబం అంటారు. ఎదుటివాడికీ మనకీ మధ్య ఎంత దూరం ఉండాలో దానికన్నా బాగా నేర్పే విద్య అరుదు. కానీ బస్సులోకి కర్ర పట్టుకెళ్లలేం కదా! 1993లో అమెరికాలో జరిగిన మొదటి యు.ఎఫ్.సి. పోటీల్లో రాయిస్ గ్రేసీ తనకంటే బరువైన వాళ్లను కింద పడేసి లొంగదీసిన బ్రెజిలియన్ జుజుత్సు కూడా మంచిదే. అది నేర్పే చోట్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే.

మరి ఏది ఎంచుకోవాలి?

సూటిగా చెబుతాను. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు వెళ్లి నెలకు రెండుసార్లు నేర్చుకునే గొప్ప విద్య కన్నా, మీ వీధి చివర వారానికి మూడురోజులు నేర్చుకునే మామూలు విద్యే మేలు. ఏడాదిపాటు మానకుండా వెళ్లగలిగినదే మీకు తగిన విద్య. బ్రూస్‌లీ అంతటివాడు హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర వింగ్ చున్ నేర్చుకుని, తర్వాత బాక్సింగ్ నుంచీ, కత్తి యుద్ధం నుంచీ పనికొచ్చేది తీసుకుని 1967లో జీత్ కునే డో అని పేరు పెట్టుకున్నాడు. ఆయనే ఒక్క విద్య పేరు పట్టుకుని వేలాడలేదు, మనకెందుకు ఆ పట్టింపు?

అయితే ఒక్క షరతు. ఎదుట నిజంగా ఎదురు తిరిగే జోడీ ఉండాలి. ఎందుకంటారా? మన పలమనేరు దాటితే వచ్చే గుడియాత్తం వాడే జూడో కె.కె. రత్నం మాస్టారు. వెయ్యికి పైగా సినిమాలకు ఫైట్లు కట్టి 2023లో కన్నుమూశారు. ఫైటు మాస్టారి పనితనమంతా దేంట్లో ఉంది? ఇద్దరికీ దెబ్బలు తగిలినట్టు కనపడాలి, ఎవరికీ తగలకూడదు! అంటే తెరమీద విలన్ మనిషి హీరోకి స్నేహితుడన్నమాట. తన వంతు వచ్చేదాకా ఆగుతాడు, చెయ్యి ఎత్తగానే ఎగిరి పడతాడు. వీధిలో వాడు ఆగడు, పడడు. క్లాసులోనూ జోడీ ఊరికే పడిపోతూ ఉంటే మీరు నేర్చుకుంటున్నది షూటింగే!

మాస్టారికీ ఒక పరీక్ష

ఫీజు కట్టే ముందు ఒకరోజు వెళ్లి ఊరికే కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే అక్కడే దణ్ణం పెట్టి వచ్చేయండి. మొదటి వారమే కొత్తవాళ్లను పాతవాళ్ల మీదికి తోసి తమాషా చూసేవాడు మాస్టారు కాదు. నెలకో బెల్టు, బెల్టుకో ఫీజు అంటే అది వ్యాపారం. బ్లాక్ బెల్టంటే ఏళ్ల తరబడి చెమట. ఆడపిల్లలు చేరితే ఇంకొంచెం గమనించండి. అమ్మానాన్నలు వచ్చి కూర్చోవచ్చా? తోటి అమ్మాయిలున్నారా? పట్టు చూపించే ముందు మాస్టారు "ఇలా పట్టుకుంటాను, సరేనామ్మా?" అని అడుగుతున్నారా? ఆ ఒక్క ప్రశ్న అడిగే మాస్టారు దొరికితే వదలకండి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇంకోటుంది. "సార్, వాడి చేతిలో కత్తి ఉంటే?" అని అడగండి. "ఇలా లాగేసుకోవాలి" అని స్టైలుగా చూపిస్తే అనుమానించండి. "పర్సు అడిగితే పర్సు ఇచ్చెయ్, సందు దొరికితే పరిగెత్తు" అన్నవాడే నిజమైన గురువు. బాక్సింగులో బరువును బట్టి తరగతులు ఎందుకు పెట్టారు? బరువు, బలం అబద్ధం కావు గనక! నలభై అయిదు కిలోల పిల్ల ఎనభై కిలోల మనిషిని ఓడించక్కర్లేదు. మణికట్టు విడిపించుకుని, నలుగురికీ వినపడేలా అరిచి, వెలుగున్న వైపు చేరితే చాలు. అక్కడినుంచి 112కి ఫోన్ చెయ్యొచ్చు.

కుర్రాళ్లకు ఇంకో మాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. తప్పించుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే ఆ హక్కు. పారిపోతున్న వాణ్ణి వెంటాడి తంతే సినిమాలో ఈలలు పడతాయి, బయట కేసు పడుతుంది!

చివరగా నాన్నలకు, అన్నయ్యలకు. బస్సులో ఎవడో వేషాలు వేశాడని పాప చెప్పిందంటే, మీ మీద నమ్మకంతో చెప్పింది. చదువు మాన్పించకండి. వాడి మీద ఫిర్యాదు ఇవ్వండి. సాయంత్రం క్లాసుకు బండి మీద దింపి, అయిందాకా బయట కూర్చోండి. మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల బస్సులో నిలబడే తీరు మారుతుంది. తల దించుకునే చోట వెనక్కి తిరిగి "ఏందిరా?" అని అడుగుతుంది. చాలాచోట్ల ఫైటు అక్కడితోనే అయిపోతుంది.